పడిపోయే పని

నికాసియో పట్టు పట్టాక నిలబడి ఇంటికి వెళ్ళినవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేడు. ఫ్వెర్తెవెంతూరా దీవి మధ్యలో, కొండ పక్కన తేహూరా అనే చిన్న ఊరు అతనిది. మేకల మధ్య పుట్టి, మేకల మధ్య పెరిగిన మనిషి. కాలు విరిగిన పోతుమేకను మెడ మీద వేసుకుని ఎండిన వాగు గట్టు ఎక్కేవాడు, ఆయాసం కూడా తెలిసేది కాదు. ఆ దీవిలో గాలికి చెట్లే నిలవవు. "మనిషి నిలబడాలంటే కాళ్ళు నేలలోకి దిగి ఉండాల్రా" అనేవాడు ఎవారిస్తో వస్తాదు. నికాసియో కాళ్ళు అలాగే ఉండేవి.

ఎవారిస్తో ఆ ఊరి కుస్తీ జట్టుకు గురువు. మాట కరుకు, చూపు ఇంకా కరుకు. పిల్లవాడి నడక చూసి, వీడు పనికొస్తాడు, వీడు రాడు అని చెప్పేసేవాడు. ఊరి చివర గుండ్రటి ఇసుక బరిలో నికాసియోకి అన్నీ ఆయనే నేర్పాడు: ఎదుటివాడి లాగు అంచు చుట్టి పట్టుకోవడం, భుజానికి భుజం ఆనించి వాడి బరువు ఎటు వాలుతోందో వినడం, వాడు గుంజేలోపే కాలు మార్చడం. పాదాలు తప్ప ఒంట్లో ఏది ఇసుకకు తగిలినా ఆ పట్టు పోయినట్టే. మూడు పట్లలో రెండు గెలిచినవాడిదే గెలుపు. పండగ పోటీల్లో ఊరి జట్టు చివరి మల్లుడిగా నికాసియో దిగితే, అవతలి ఊరివాళ్ళు అప్పుడే బట్టలు సర్దుకునేవాళ్ళు.

తర్వాత దక్షిణ తీరం పొడవునా హోటళ్ళు లేచాయి. కుర్రాళ్ళంతా అటే పోయారు. వాళ్ళను తప్పు పట్టడానికీ లేదు. వానలు లేవు, మేత కొనాలి, జున్ను కొనేవాడు లేడు. శనివారం సాయంత్రం పోటీ పెడితే, శనివారం సాయంత్రమే హోటళ్ళలో పని ఎక్కువ. జట్టులో ఒక్కొక్కడే రాలిపోయాడు. చివరికి నికాసియో కూడా మందను అమ్మేసి ఒక హోటల్లో ఖర్జూర చెట్లకు నీళ్ళు పెట్టే పనిలో చేరాడు.

అతనెవరో హోటల్లో తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. అతిథులకు ఆటపాటలు ఏర్పాటు చేసే ఇవోన్ అనే అమ్మాయి ఈత కొలను పక్కన ఇసుక పోయించింది. 'దీవి వీరుడితో కుస్తీ' అని బోర్డు పెట్టించింది. మొదట్లో నికాసియో ముచ్చటపడ్డాడు. ఎదురొచ్చిన వాళ్ళను పసిపిల్లల్ని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా ఇసుక మీద పడుకోబెట్టి, చెయ్యిచ్చి లేపి, వీపు మీద ఇసుక దులిపి పంపేవాడు. ఒకాయనకు భుజం కలుక్కుమంది. పెళ్ళాం ముందు పరువు పోయిందని ఆయన పెద్ద రభస చేశాడు.

"నికాసియో, ఏమనుకోకు," అంది ఇవోన్ మర్నాడు. "వాళ్ళు ఇంత దూరం ఓడిపోడానికి రారు కదా! నువ్వు పడు."

"పడటమా?"

"కాసేపు గింజుకుని పడు. నవ్వుతూ పడు. చేతులు బార్లా చాపావంటే ఫోటో బాగా వస్తుంది."

ఆ సంగతి ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. బెనీగ్నా పిండి వేయిస్తూ వింది.

"పడితే ఏం పోయిందయ్యా? ఇన్నేళ్ళు గెలిచి తెచ్చిన కప్పులకు దుమ్ము తుడుస్తున్నది నేనేగా! పడు. పడకపోతే అమ్మేసిన మేకలు తిరిగొస్తాయా ఏమన్నా?"

పడటం అతనికి రాలేదు. ఎడమ కాలు లాగితే బరువు దానంతటదే కుడి కాలి మీదికి పోయేది. నడుం గుంజితే మోకాళ్ళు వాటంతటవే వంగి నేలను పట్టుకునేవి. ఎవరో తాగుబోతు మీదపడి తోస్తున్నా రాయిలా నిలబడిపోయి, ఇవోన్ కళ్ళెర్రజేశాక గుర్తొచ్చి కూలబడేవాడు. కాపలా కుక్కకు మొరగడం మాన్పించినట్టు ఒంటికి ఆ అలవాటు మాన్పించాల్సి వచ్చింది. మానింది. పొట్టలవాళ్ళు పడేశారు, కొత్త పెళ్ళికొడుకులు పడేశారు, ఈత దుస్తుల్లో ఉన్న ముసలమ్మలు పడేశారు. వెల్లకిలా, బోర్లా, పల్టీ కొట్టి, ఒంటికాలి మీద గిరగిరా తిరిగి, రకరకాలుగా పడేవాడు. పడటంలోనూ వస్తాదయ్యాడని తోటి పనివాళ్ళు నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం బెనీగ్నా ఏమడిగినా ఊఁ అనడమే.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక పండగ ముందు ఎవారిస్తో కర్ర పొడుచుకుంటూ అతని గుమ్మంలోకి వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"ఒరేయ్, పోర్టు జట్టుతో పోటీ ఉంది. ఈసారి పన్నెండు మంది దిగకపోతే పోటీల జాబితాలోంచి మన జట్టు పేరు కొట్టేస్తారంట. పదకొండు మందే ఉన్నారు. నువ్వు రావాలి."

"నా మోకాళ్ళు చూశావా మావా? తుప్పు పట్టిన తలుపుల్లా కిర్రుమంటున్నాయి."

"నీ మోకాళ్ళతో ఎవడికి పని? వచ్చి నిలబడు. నిన్ను చూస్తేనే వాళ్ళలో సగం మందికి లాగులు తడుస్తాయి."

నికాసియో తల దించుకున్నాడు. "హోటల్లో నేనేం చేస్తున్నానో నీకు తెలుసుగా."

"తెలుసు. పొట్టకోసం చేసేది కుస్తీ కాదు. ఆ సంగతి బరి దగ్గర ఎత్తకు."

పండగ నాటి సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, బరి చుట్టూ సిమెంటు మెట్లన్నీ నిండిపోయాయి. ఊరు వదిలి పోయినవాళ్ళు కూడా వచ్చారు. గెలుస్తూ ఓడుతూ రెండు జట్లూ సమానంగా వచ్చి, చివరికి ఇటు నికాసియో, అటు ఆర్తెమి అనే పడుచువాడు మిగిలారు. మొదటి పట్టులో నికాసియో వాణ్ణి అమాంతం ఎత్తి తిప్పి వేశాడు. బరి దద్దరిల్లిపోయింది. రెండో పట్టు ఆర్తెమిది. వాడి ఒడుపు అది, గెలిచి తీసుకున్నాడు. ఆ పట్టు పోయినందుకు ఎవరూ బాధపడలేదు.

మూడో పట్టుకు ఇద్దరూ వంగారు. భుజాలు ఆనాయి. ఈల మోగింది. ఆర్తెమి ఊరికే, ఎటు తూగుతాడో చూద్దామని, లాగు అంచు పట్టుకుని చిన్నగా గుంజాడు.

నికాసియో ఎడమ మోకాలు మడత పడింది. ఒళ్ళు ఒంటికాలి మీద అందంగా ఒక చుట్టు తిరిగింది. చేతులు రెండూ బార్లా చాచి, వెల్లకిలా ఇసుకలో పడ్డాడు. మొహం మీద నవ్వు ఉంది.

ఆర్తెమి చెయ్యిచ్చి లేపుతూ చెవిలో అన్నాడు, "ఎందుకు పడ్డావన్నా? నేనింకా పట్టు బిగించనేలేదే!"

అప్పుడు పై మెట్ల మీంచి ఒక గొంతు లేచింది. "పోర్టు వాళ్ళ దగ్గర ఎంత మింగావురా?" ఇంకొకడు అందుకున్నాడు, "ఫోటో తీశారా, మళ్ళీ పడతావా?" నవ్వులు మొదలయ్యాయి. నికాసియో గురువు కోసం చూశాడు. ఎవారిస్తో టోపీ కళ్ళ మీదికి లాక్కుని, కర్ర మీద గడ్డం ఆనించి నేల చూస్తున్నాడు.

మర్నాడు నికాసియో ఆయన ఇంటికి వెళ్ళాడు. ముసలాయన మంచంలో ఉన్నాడు.

"మావా, కావాలని పడలేదు. మా అమ్మ మీద ఒట్టు."

ఎవారిస్తో దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. "అదేరా నా ఏడుపు. కావాలని పడుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి." గోడవైపు తిరిగాడు. "ఆ కాళ్ళకు నేనొకటి నేర్పాను. నువ్వు ఇంకొకటి నేర్పుకున్నావు. పో, నాకు నిద్రొస్తోంది."

మరుసటి ఏడాదికి జట్టులో తొమ్మిది మందే తేలారు. జట్టు పేరు కొట్టేశారు. ఆ చలికాలంలోనే ఎవారిస్తో పోయాడు. పాత మల్లులందరూ కలిసి శవపేటిక మోశారు. భుజం మార్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా చుట్టూ చూసుకున్నారు గానీ, ఒక్కడూ నికాసియోను పిలవలేదు. అతను ఆడవాళ్ళ వెనక నడిచాడు.

"ఒక్కడు పక్కకు తప్పుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది?" అని బెనీగ్నా పళ్ళు కొరికింది.

"వద్దులే," అన్నాడు నికాసియో. "తప్పుకున్నా మోసేవాణ్ణి కాను. మధ్యలో కాలు మడత పడితే?"

బెనీగ్నా మొగుడి మొహంలోకి చూసింది. అతను వేళాకోళానికి అనలేదు.

కుస్తీ మానేసి చెట్ల పనే చేసుకుంటానని ఇవోన్‌ను అడిగాడు. చెట్లకు గొట్టాలు వేశామనీ, నీళ్ళు వాటంతటవే పారుతున్నాయనీ, తన దగ్గర ఉన్న పని ఇదొక్కటేననీ ఆమె మెత్తగానే చెప్పింది.

ఒక ఆదివారం పొద్దున అతను ఖాళీ మేకల దొడ్లోకి వెళ్ళి, చెప్పులు విప్పి, కాళ్ళు ఎడం చేసి నిలబడి బెనీగ్నాను పిలిచాడు.

"తోయి."

"ఏంటయ్యా ఈ పిచ్చి?"

"తోయవే. గట్టిగా తోయి. నేను నిలబడాలి."

చేతుల పిండి పైబట్టకు తుడుచుకుని వచ్చి, ఆమె అరచెయ్యి అతని రొమ్ము మీద ఆనించింది. ఇంకా తోయనే లేదు. అతని ఎడమ మోకాలు మెల్లగా వంగింది. ఆపడానికి అతను పళ్ళు బిగబట్టాడు, మెడ నరాలు తేలాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. అయినా ఒళ్ళు ఒక చుట్టు తిరిగి, చేతులు చాచి, దొడ్డి మట్టిలో పడింది.

బెనీగ్నా అతన్ని లెమ్మనలేదు. తనూ ఆ మట్టిలోనే పక్కన కూర్చుని, అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"రేపు హోటల్‌కి పోవద్దులే," అంది కాసేపటికి.

"మానేసి ఏం చెయ్యను? పడటం ఒక్కటే వచ్చు నాకిప్పుడు," అన్నాడు నికాసియో. సోమవారం పనివాళ్ళ బస్సెక్కి వెళ్ళాడు. ఇప్పటికీ వెళ్తున్నాడు.