ఆరు దెబ్బల దగ్గర ఆగిన గంట

మా పాదిరి జాబెజ్ థోర్న్ అయ్యగారి దానధర్మాల గురించి చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటాయి. చెప్పుకోనీ. ఆయనకి వండిపెట్టేదాన్నీ, గుడి గంట కొట్టేదాన్నీ నేనే. అసలు సంగతి నాకు తెలుసు.

సముద్రం అవతలి రాజు పీడ వదిలి మా రాజ్యం మాకొచ్చింది గానీ, పరాయి బీదవాళ్లని తరిమేసే చట్టం మాత్రం ఎక్కడికీ పోలేదు. వాళ్లు ఇక్కడే పాతుకుపోతే పోషణ ఊరి నెత్తిన పడుతుందని భయం. పదకొండేళ్ల కిందట, మంచు మొదలైన వారంలో, కానిస్టేబుల్ ఏసహెల్ ఒక పిల్లకి ఊరు విడిచిపొమ్మని తాఖీదు చదివాడు. ఆ పిల్ల నేరుగా మా గుమ్మంలోకొచ్చింది. శాలువా నిండా కప్పుకుని, "అయ్యా, ఈ చలి తగ్గేదాకా ఉండనివ్వండి" అంది.

"చట్టం నేను రాసింది కాదమ్మా" అని రొట్టె చేతిలో పెట్టి తలుపేశారు అయ్యగారు. మర్నాడు పొలం గోడ పక్కన కొయ్యబారి దొరికింది.

ఎవరు పోయినా మా ఊళ్లో గంట కొడతాం. మగవాడికి తొమ్మిది, ఆడదానికి ఆరు, పసివాళ్లకి మూడు. ఆ తర్వాత ఎన్నేళ్లు బతికితే అన్ని దెబ్బలు. ఆ పిల్ల పేరే తెలీదు, ఇక వయసేం తెలుస్తుంది? ఆరు కొట్టి ఆపేశాను.

"మిగతావి, కెజయా?" అన్నారు అయ్యగారు.

ఆ కొట్టని దెబ్బలే ఆయన్ని పట్టుకున్నాయి. ఆ పిల్ల శాలువా పొయ్యి పక్కన మేకుకి తగిలించారు. సంఘంవాళ్లు ఆయనకని తెచ్చే కట్టెలు విధవల ఇళ్లకి మోసేవారు. తాఖీదు అందినవాళ్లంతా మా ఇంట్లోనే. "పోండి, అయ్యగారి సత్రం ఉందిగా" అని ఏసహెల్ వెక్కిరించేవాడు. అన్నం ముందు కూచున్న మనిషి ఉన్నట్టుండి లేచి తలుపు తీసేవారు.

"ఎవరో తట్టారు."

"గాలండీ. జావ చల్లారుతోంది, కూచోండి."

ఈ మార్చిలో డోర్కస్ అనే ముసలావిడ తాఖీదు పట్టుకుని వచ్చింది. రెండు ముద్దలు తిందో లేదో, మేకు దగ్గరికి పోయి శాలువా అంచు తడిమింది.

"ఈ ఎర్రదారం కుట్టు నాది. మా అమ్మాయి లవీనా ఏదయ్యా?"

అయ్యగారు ఏదీ దాచలేదు. "తలుపేసింది నేనేనమ్మా" అన్నారు. ఆవిడ ఏడవలేదు. ఆయనే అడిగారు, "ఎన్నేళ్లు?"

"ఇరవై రెండు."

ముగ్గురం గుడికెళ్లాం. పట్టపగలు గంట మోగేసరికి జనం గుమ్మాల్లోకొచ్చి లెక్కపెట్టుకున్నారు. ఇరవై రెండూ కొట్టి తాడు వదలబోయాను.

"పసివాళ్లకెన్ని?" అంది డోర్కస్.

"మూడు."

"అవీ కొట్టండి. అప్పటికి ఏడో నెల దానికి. ఆ కడుపు ఎవడి వల్లో చెప్పలేదని వాళ్ల నాన్నే గెంటేశాడు."

అయ్యగారు నావైపు తిరిగారు. "నాకు తెలీదు. శాలువా కప్పుకుని ఉంది కదా. కెజయా, నువ్వు పక్కనే ఉన్నావు. నీకు కనిపించిందా?"

పదకొండేళ్లుగా ఎక్కడ అడుగుతారోనని హడలిచచ్చాను.

"కనిపించిందండీ. చెప్తే మీరు తలుపు తీసేవారు. బాలింత చాకిరీ నా మీద పడుతుందని నోరు మూసుకున్నాను."

ఆయన నా చేతిలోంచి తాడు తీసుకుని డోర్కస్‌కి ఇచ్చారు. ఆ మూడూ ఆవిడే కొట్టింది.