ఎరుపు చుట్టూ నీలి గీత

మా సైన్స్ టీచర్ పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. స్కూల్ స్నేహితుల గ్రూపులో ఎవరో ఆమె ఫొటో పెట్టి కింద ఒక్క వాక్యం రాశారు: కాలి పుండు నుంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోయింది. బ్యాక్టీరియా రక్తంలోకి పోతే ఏమవుతుందో మాకు చెప్పింది ఆమే.

జనగామలో మాది సిస్టర్లు నడిపే స్కూలు. తరగతిలో తెలుగు మాట్లాడకూడదు. టీచర్ పాఠం ఇంగ్లీషులోనే మొదలుపెట్టేవారు. అసలు సంగతి వచ్చేసరికి లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసేవారు. "ఇప్పుడు ఇనుర్రి," అనేవారు. ఆ తలుపు చప్పుడు వినగానే మేమంతా ముందుకు వంగేవాళ్లం.

ఒకసారి ఉడికించిన ఆలుగడ్డ ముక్కలను మా చేతులతో తాకించి, పేర్లు రాసిన సీసాల్లో మూసిపెట్టారు. నాలుగు రోజులకు అందరికంటే నా ముక్క మీదే ఎక్కువ మచ్చలు, జిగటగా, పసుపుగా. నేను గోళ్లు కొరికేదాన్ని. తరగతిలో నోరు విప్పని పిల్లను. టీచర్ ఆ సీసా ఎత్తి చూపించారు.

"నువ్వు మాట్లాడకున్నా నీ చెయ్యి మస్తు మాట్లాడుతది బిడ్డా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక్క బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు రెండు కాగలదని, రెండు నాలుగవుతాయని ఆమె బోర్డు నిండేదాకా అంకెలు వేశారు. "అవి మనను కొరకవు. వాటి విషం కక్కుతయి, అది చాలు," అన్నారు. ఆ వారమంతా అన్నం కలుపుకోవడానికి భయపడ్డాను.

ఆ భయాన్ని కొంత తగ్గించింది కూడా ఆమే. తొమ్మిదో తరగతిలో గేటు దగ్గర పడి మోకాలు చీరుకుపోయింది. మూడో రోజుకు ఎర్రబడి, వాచి, వేడెక్కింది. టీచర్ నన్ను స్టాఫ్‌రూంలో కూర్చోబెట్టి, నీలం పెన్ను తీసి ఎరుపు అంచు వెంట గీత గీశారు.

"గిది సరిహద్దు. ఎరుపును చూసి భయపడకు. ఎరుపు కదిలితే భయపడు."

"వాపు ఎందుకొచ్చింది టీచర్?"

"పత్తి సీజన్ల మార్కెట్‌కు బండ్లన్నీ ఒక్కసారే వస్తే రోడ్డు ఎట్లయితది? గట్లనే. పుండు కాడ గొడవ అయితున్నదని తెల్లకణాలన్నీ రక్తనాళాల గోడల్లకెళ్లి దూరి వస్తున్నయి. రానియ్యి."

ప్రతి పీరియడ్ తర్వాత వచ్చి చూసేవారు. చీము వచ్చినప్పుడు నేను మొహం తిప్పుకున్నాను. "తిప్పుకోకు. అవి ఆ తెల్లకణాలే. నీ కోసం చచ్చినోళ్లు వాళ్లు," అన్నారు. జ్వరం గురించి కూడా అంతే: "అది బయటి నుంచి రాదే. మనం పెట్టుకున్న మంటనే." ఎరుపు గీత దాటలేదు. వారానికి వెనక్కి పోయింది. నేను తడవనివ్వకుండా కాపాడుకున్న నీలి గీత మాత్రం ఖాళీగా కొన్నాళ్లు మిగిలింది.

ఆమె రిటైరై పాలకుర్తి దగ్గర తన అక్క ఇంట్లో ఉండేవారు. ఈ ఏడాది రెండుసార్లు వెళ్లి చూశాను. మొదటిసారి ఆమె కుడికాలి బొటనవేలి చుట్టూ నీలి గీత ఉంది. చెప్పు కరిచిందట. షుగర్ వల్ల పాదానికి స్పర్శ తక్కువ. "నొప్పి లేదు బిడ్డా, గోలీలు వేసుకుంటున్న. లోపలనే ఉన్నది చూడు," అన్నారు.

పది రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. గీత చీలమండ దగ్గర ఉంది. ఎరుపు దాని లోపలే ఉంది.

"లోపలే ఉంది టీచర్," అన్నాను.

ఆమె తలూపి, నేను తెచ్చిన పుస్తకం తిరగేశారు. మరో నాలుగు రోజులకు చలి, వణుకు, మాట తడబడటం. పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి బీపీ పడిపోయింది. పుండు దగ్గర జరగాల్సిన పోరు ఒళ్లంతా మొదలైంది. తనను కాపాడాల్సిన మంటే తనను కాల్చింది.

దినం రోజున ఆమె అక్క నా పక్కన కూర్చుంది.

"రోజూ గీసుకునేది బిడ్డా. తానం చేస్తే నీళ్లకు పోతది గదా. తుడుసుకొని, అద్దాలు పెట్టుకొని, మల్ల కొత్తగా గీసుకునేది. ఒక్కనాడు మరవలేదు."

నా చేతిలోని గ్లాసు కింద పెట్టాను. రోజూ కొత్త గీత, ఆ రోజు ఎరుపు ఎక్కడుందో అక్కడ. ఇక అది ఎన్నటికీ దాటదు. నేను రెండు గీతలూ చూశాను. వేలి దగ్గరిదీ, చీలమండ దగ్గరిదీ. గీతలోపల ఉందా అని చూశానే తప్ప, గీత ఎక్కడికి వచ్చిందో చూడలేదు.

అప్పటి నుంచి నా భయం తిరిగి వచ్చింది. ఎవరి కాళ్లు కనిపించినా చూస్తున్నాను.

మొన్న అమ్మ చేనులో పత్తికట్టె పీకుతుంటే పిక్క గీరుకుపోయింది. పసుపు పట్టించి చీర దించేసుకుంది. పసుపు కింద ఎరుపు కనిపించదు. రెండో రోజు నేను కడిగాను. అరచేతి వెడల్పున ఎరుపు. డబ్బాల మీద పేర్లు రాసే, నీళ్లకు పోని మార్కరు తెచ్చి అంచు వెంట గీసి, పక్కన తేదీ, టైము రాశాను.

"ఏందే, గొర్రెకు గుర్తు పెట్టినట్టు పెడుతున్నవ్? తప్పిపోత అనుకుంటున్నవా?"

"జర కదలకు అమ్మా."

తెల్లారి స్నానం చేసి వచ్చి తనే కాలు చాపింది. గీత అలాగే ఉంది. ఎరుపు రెండు వేళ్ల మేర బయట ఉంది. నా చేతిలో మార్కరు మూత తీసి ఉంది.

"గియ్యవా మల్ల?" అంది అమ్మ.

మూత పెట్టేశాను.

"జనగామ దవాఖానకు పోదాం పా."

"గింత దానికా? రేపు చూద్దాం తియ్యి."

"ఇప్పుడే అమ్మా."

నా మొహం చూసి చెప్పులేసుకుంది. ఆటోలో ఆమె కాలును నా ఒడిలో పెట్టుకున్నాను. గాలికి చీర అంచు లేచినప్పుడల్లా కనిపించింది. నిన్నటి గీత, నిన్న ఉన్నచోటే.