మా ఇంట్లో ఖాళీగా ఉన్న గది

మా పక్కింటి టీచరుగారు మొన్న మంగళవారం కన్నుమూశారు. స్కూలుకని బయల్దేరిన మా అమ్మాయి గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, "మమ్, షీ ఈజ్ గాన్" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక ఆమెకు నిజం చెప్పే వీలు లేదని తోచి చెంపలు వేడెక్కాయి. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మన సంగతులు తగ్గించి రాయాలంటారు. నాకు ఆ మర్యాద కుదరదు, క్షమించండి.

మేము ఈ దేశం వచ్చిన కొత్తల్లో, డబ్లిన్‌కి దూరంగా ఉన్న ఈ బాలింకాలిగ్ ఊళ్ళో అద్దె ఇల్లు వెతుక్కునే రోజుల్లో, మా పేర్లు వినగానే ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నవాళ్ళే ఎక్కువ. ఈ ఇల్లు చూడ్డానికి వచ్చి వానలో నిలబడితే, పక్కింట్లోంచి ఒక పెద్దావిడ పిలిచి టీ ఇచ్చారు. మేం తాగేలోపు యజమానికి ఫోన్ చేసి, "వీళ్ళు నా ఎదురుగానే కూర్చున్నారు, మంచివాళ్ళు" అని చెప్పారు. మంచివాళ్ళమని ఆమెకెలా తెలుసో ఇప్పటికీ నాకు తెలీదు.

స్కూల్లో బొమ్మలు నేర్పి రిటైరయ్యాక ఆమె ఒక పని పెట్టుకున్నారు. ఏటా తూర్పు ఆఫ్రికా నుంచి ఒక చిత్రకారుణ్ణో శిల్పినో పిలిపించి, మూడు నెలలు నిశ్చింతగా పని చేసుకోనిచ్చేవారు. కారు షెడ్డే స్టూడియో. పడక మాత్రం మా వీధిలోని ఇళ్ళల్లో వంతులవారీగా, ఇంటికి మూడు వారాలు. ఎవరి వంతు ఎప్పుడో ఆమె ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఉండేది. గొప్ప పని చేస్తున్నారని ఎవరైనా అంటే, "నేను చేసేదేముంది, తలుపు గడియ తీస్తున్నాను" అనేవారు. వచ్చినవాళ్ళ పని చూసి మేం ఏదో ఒకటి అనబోతే, రంగు ఎండేదాకా నోరు మూసుకోమనేవారు.

మూడేళ్ళ కిందట మా వంతు వచ్చింది. కంపాలా నుంచి ఒక అమ్మాయి వస్తోంది, చెట్టు బెరడును కొట్టి చేసిన బట్ట మీద బొమ్మలు వేస్తుందట. మా పైగది ఖాళీగానే ఉంది. మా ఆయన్ని అడిగితే నీ ఇష్టమన్నారు. శనివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చే మనవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే నా కళ్ళముందు తిరిగాయి. వచ్చేది ఇటలీ పిల్లయితే ఆ రోజే దుప్పట్లు మార్చి, ఫోటో తీసి అందరికీ పంపేదాన్ని. నల్లమ్మాయి అనే వెనకాడాను. టీచరుగారితో మాత్రం, ఆ నెలలోనే మా అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వస్తున్నారని చెప్పాను. నోరు తడబడనైనా లేదు.

ఆమె నమ్మారు. సంతోషించారు కూడా. ఆ మూడు వారాలూ ఆ పిల్లకి తన మంచం ఇచ్చి, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, ముందుగదిలో సోఫా మీద పడుకున్నారు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ, ఆమె నడుము పట్టుకుని దుప్పటి మడత పెట్టడం కిటికీలోంచి చూసేదాన్ని. అడిగితే "గ్రాండ్, గ్రాండ్" అనేవారు, బాగానే ఉన్నానని.

గోడ పక్కన కనిపించినప్పుడల్లా మీవాళ్ళు ఎప్పుడొస్తారని అడిగేవారు. మా వంతు వారాలు గడిచాక, తట్టుకోలేక వీసా రాలేదన్నాను. అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆమెకి కోపం వచ్చింది, మా తరఫున. వెంటనే మా టీడీకి, అంటే మన ఎమ్మెల్యే లాంటాయనకి, ఉత్తరం రాశారు. ఆయన ఆఫీసు నుంచి నాకు ఫోన్: అప్లికేషన్ నంబరు చెప్పండి, కనుక్కుంటాం. లేని అప్లికేషన్‌కి నంబరు ఎక్కడినుంచి తేను? అత్తగారికి మోకాళ్ళు బాగాలేవు, ప్రయాణం మానుకున్నారని ఇంకో అబద్ధం ఆడాను. ఆ వారమే కంపాలా అమ్మాయి మా తలుపు తట్టి, అత్తగారికివ్వమని బెరడు బట్ట ముక్క మీద వేసిన చిన్న బొమ్మ ఇచ్చింది. "త్వరగా కోలుకోవాలి" అని కింద రాసి ఉంది. నిక్షేపంలా ఉన్న మా అత్తగారు అప్పుడు కరీంనగర్‌లో పెళ్ళిళ్ళకి తిరుగుతున్నారు.

తర్వాత ఎన్నిసార్లో చెప్పబోయాను. పండక్కి పులిహోర పట్టుకెళ్ళి, గిన్నె ఇచ్చి, వానల గురించి మాట్లాడి వచ్చేసేదాన్ని.

ఇక్కడి పద్ధతి ప్రకారం ఆమెను శవపేటికలో, ముందుగదిలోనే ఉంచారు. ఇప్పుడు డబ్లిన్‌లో చదువుకుంటున్న ఆ కంపాలా అమ్మాయి బస్సులో వచ్చి అందరికీ టీలు అందిస్తోంది. నా వంతు వచ్చాక పెట్టె దగ్గర వంగాను. ఇంగ్లీషులో చెబితే గదిలో అందరికీ అర్థమవుతుంది. అందుకని మన భాషలో చెప్పాను: "టీచరమ్మా, మా అత్త వస్తలేకుండె. రూం ఖాళీగనే ఉండె. ఆ పిల్లను మా ఇంట్ల ఉంచుకుంటే మనోళ్ళు ఏమంటరోనని నీకు అబద్ధం చెప్పిన."

ఆమెకి అర్థమయ్యే మాటల్లో ఆఖరిసారి కూడా చెప్పలేకపోయాను.

నా వెనక వరసలో ఉన్న పెద్దాయన టోపీ తీసి "ఆమెన్" అన్నాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఆ అమ్మాయి ట్రే పక్కన పెట్టి వచ్చి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీ ప్రార్థన చాలా బాగుంది" అంది. చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే నిలబడ్డాను.