పోచయ్య పేరు పక్కన తొమ్మిది ఎర్ర గుర్తులు

1976. హైదరాబాదులో బార్కస్‌కు పోయే దారిలో ఉన్న ఒక అల్యూమినియం గిన్నెల కార్ఖానాలో నేను టైమాఫీసు గుమాస్తాను. గేటు పక్కన చిన్న గది, ఇనుప చువ్వల కిటికీ, బల్ల మీద మస్టరు, అంటే హాజరు పట్టీ. పనికి వచ్చినవాళ్ళకు నీలం సిరాతో గీత, రానివాళ్ళకు ఎర్ర పెన్సిలుతో ‘ఏ’, ఆబ్సెంటు. ఆరేళ్ళు అదే పని చేశాను. ఈ కథ చెప్పబోతే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ముందు నా మీదే మండుతుంది.

సెలవులన్నీ ఒకటి కావు. ఏడాదంతా పనిచేసినవాడికి మరుసటి ఏడు జీతంతో సెలవు వస్తుంది. అది ఎర్న్‌డ్ లీవు. ఆ రోజులకు జీతం ఉంది కాబట్టి ప్రావిడెంట్ ఫండులో యజమాని తన వాటా కట్టి తీరాలి. జబ్బుపడి బీమా దవాఖాన నుంచి చీటీ తెస్తే వాళ్ళే ఏదో భత్యం ఇస్తారు, అది జీతం కాదు కాబట్టి ఫండు పడదు. లాస్ ఆఫ్ పే అంటే జీతమూ లేదు, ఫండూ లేదు. అప్పటికి ఫ్యామిలీ పెన్షన్ వచ్చి కొన్నేళ్ళే అయింది. ఫండు పడే సర్వీసులో ఉండగా మనిషి పోతే అతని భార్యకు నెలనెలా పెన్షన్ వస్తుంది. కాబట్టి చివరి రోజుల్లో మనిషి ఏ సెలవులో ఉన్నాడన్నది చిన్న విషయం కాదు.

మా కార్ఖానాలో ఎర్న్‌డ్ లీవనే మాటే పనివాళ్ళ చెవిన పడలేదు. ఎవరు సెలవడిగినా మస్టరులో ‘ఏ’నే. ఆ లీవు రోజుల డబ్బును దసరా ముందర మా యజమాని సేటు కవర్లలో పెట్టి “ఇనాం” అని పంచేవాడు. ఇనాం జీతం కాదు కదా, దానిమీద ఫండు కట్టే బాధే లేదు! మావాళ్ళు అమాయకంగా చందాలేసుకొని ఆయన మెడలో బంతిపూల దండ వేసేవాళ్ళు. వాళ్ళ సొత్తు వాళ్ళకిచ్చినందుకు దండ! ఎవరికెన్ని రోజులో చూసి కవరు మీద రాసేది నేనే. సిగ్గులేనిదాన్ని, దండకు నేనూ పావలా ఇచ్చేదాన్ని.

పోచయ్య పాలిష్ పనివాడు. గిన్నెలు మెరిసేకొద్దీ ఆ పొడి అంతా ఆయన ఛాతీలోకి పోయింది. బోనాలు దగ్గరపడుతున్న రోజుల్లో ఒక పొద్దున కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడ్డాడు.

“అమ్మా, పానం మంచిగ లేదు. దమ్ము ఆడ్తలేదు. పది దినాలు ఛుట్టీ ఇయ్యుండ్రి.”

“దవాఖానకు పోయి చీటీ తేరాదే?”

“ఆడ లైనుల నిలబడే తాకతే ఉంటే పనికే వస్తుంటి గదమ్మా.”

“సరే పో, ఫికర్ చెయ్యకు” అన్నాను. మరునాటి నుంచి రోజుకో ‘ఏ’ పెట్టుకుంటూ పోయాను. అలవాటు! తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే పోయాడు.

ఆయన భార్య బాలమణి పెన్షన్ కాగితం మీద సంతకం కోసం వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఏడో తరగతి. పెన్షన్ రాకపోతే ఇద్దరినీ బడి మాన్పించి లక్క గాజుల పనిలో కూర్చోబెట్టడం తప్ప దారి లేదంది. మా మేనేజరు ఆ కాగితం మీద ఏం రాశాడో తెలుసా? చెప్పకుండా గైర్‌హాజరైనందుకు పేరు కొట్టేశాం, చనిపోయేనాటికి సర్వీసులో లేడు అని!

నేను లోపలికి పోయాను. “సాబ్, ఆయన ఛుట్టీ అడిగిండు. నన్నే అడిగిండు.”

“కాయితం ఉన్నదా?”

“మన తాన ఎవ్వలన్న కాయితమిస్తరా సాబ్?”

“మరి గిప్పుడు ఈ లొల్లి ఏంది సుగుణమ్మా? మస్టరు రాసింది నువ్వే గద? నీ చేత్తోని రాసింది నువ్వే అబద్ధమంటవా? నౌకరీ కావాల్నా, వద్దా?”

వాడి నోట్లో మన్ను పడ! ఆ మాట మనసులోనే అనుకొని బయటికొచ్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు గానీ, మర్నాడు మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను.

వారం తర్వాత బాలమణి కిటికీలోంచి మూడు పాత కవర్లు అందించింది. వాటికి పసుపు మరకలున్నాయి.

“సేటు చెయ్యి తాకినయని మా ఆయన దేవుని పటం ఎనక దాసిండు. ఏమన్న పనికొస్తయా సూడమ్మా.”

మూడింటి మీదా నా అక్షరాలే. పోచయ్య అనే పేరు, దాని కింద ఒకదానిమీద 14 రోజులు, మిగతా రెండింటి మీద 15 రోజులు. ఇది ఇనామైతే రోజుల లెక్క ఎందుకు? అది లీవు జీతమేనని నా చెయ్యే సాక్ష్యం చెబుతోంది. పైగా ఈ ఏటి కవరు ఇంకా ఇవ్వలేదు. అంటే కిందటేడు ఆయన సంపాదించిన లీవు అట్లాగే ఉంది. ఈ తొమ్మిది రోజులూ అందులోవే!

ఆ రోజే మొదటిసారి నా పేరు పక్కన నేనే ‘ఏ’ పెట్టుకొని బాలమణిని వెంటబెట్టుకొని ఫండు ఆఫీసుకు పోయాను. పోచయ్య సెలవడిగాడని, నేను సరేనన్నానని, అయినా గైర్‌హాజరు వేశానని రాసి సంతకం పెట్టాను.

ఫండు ఆఫీసు ఇన్‌స్పెక్టర్ కార్ఖానాకొచ్చి కవర్లను మేనేజరు బల్ల మీద పరిచాడు.

“గది ఇనాం సార్. సేటు ఖుషీతోని ఇచ్చిండు” అన్నాడు మేనేజరు.

“ఖుషీకి గిట్ల రోజుల లెక్కుంటదా? ఒక ఏడు పద్నాలుగు రోజులంత ఖుషీ, ఇంకో ఏడు పదిహేను రోజులంత ఖుషీనా?”

పాత మస్టర్లన్నీ తీయించి చూశారు. ఇరవై రోజుల పనికి ఒక రోజు లీవు చొప్పున వేస్తే కవర్ల మీది లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ తొమ్మిది ‘ఏ’లనూ కొట్టేసి ఎర్న్‌డ్ లీవని రాయించి, యజమాని వాటా కట్టించారు. నన్ను టైమాఫీసు నుంచి తీసి గోదాములో మూతలు లెక్కపెట్టే పనిలో పడేశారు. పడేయనీ! ఆ కుర్చీ మీద నాకేం మోజు మిగల్లేదు.

పెన్షన్ కాగితం చేతికొచ్చిన రోజు బాలమణి గోదాముకొచ్చింది.

“నువ్వే ఇప్పిస్తివి అమ్మా.”

నాకు కోపమొచ్చింది. “ఏం ఇప్పిచ్చిన? పోగొట్టింది గూడ నేనే బాలమణీ. ఆ ఎర్ర గుర్తులు పెట్టింది నేనే.”

“నాకెరికనే” అంది నెమ్మదిగా. “ఛుట్టీ అడిగిన దినం ఆయన ఇంటికొచ్చి చెప్పిండు, టైమాఫీసమ్మ సరే అన్నది, ఇగ ఫికర్ లేదని. గందుకే ఆ కవర్లు ఇంకెవ్వలకూ సూపియ్యలే. సరే అన్నామె తానకే తెచ్చిన.”

తర్వాత వేరే కార్ఖానాలలో ఎన్నో ఏళ్ళు మస్టర్లు రాశాను. సెలవడిగినవాళ్ళతో అక్కడికక్కడే కాగితం మీద వేలిముద్ర వేయించి, అది ఏ సెలవో వాళ్ళకు చదివి వినిపించి, ఆ తర్వాతే సరే అనేదాన్ని.