ఆదిమూలం మేస్త్రీ ఎర్ర అంకెలు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఆదిమూలం మేస్త్రీ వర్క్‌షాపు. దాన్ని ఆనుకుని నా నట్లూ బోల్టుల అంగడి. మధ్యన ఒంటి ఇటుక గోడ. ఆయన తిట్లన్నీ నాకు వినబడతాయి, నా బేరాలన్నీ ఆయనకు వినబడతాయి. ఆయన దగ్గర పని చేయించుకున్నవాళ్లు పోతూ పోతూ నా గడప కూడా తొక్కుతారు కాబట్టి ఆ తిట్లను నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆయనది పుత్తూరు పక్క పల్లె. చిన్న వయసులోనే మద్రాసు పోయి మిల్లింగ్ పని నేర్చుకున్నాడు. అక్కడ మూతపడిన కార్ఖానా ఒకటి వేలం వేస్తే చిన్న మిల్లింగ్ మిషను కొని, లారీకెక్కించి, దాని పక్కనే కూర్చుని తిరుపతి చేరాడు. నన్ను కూడా అంత భద్రంగా తెచ్చుకోలేదని ఆయన భార్య చంద్రకాంతమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మిల్లింగ్ మిషనంటే మరేమీ లేదు, తిరిగే కట్టరు కింద ఒక ఇనుప బల్ల. బల్ల మీద ఇనుము బిగించి పిడి తిప్పితే బల్ల జరుగుతుంది, కట్టరు గాడి తీస్తుంది. ఎంత జరిగిందీ పిడి దగ్గరి చక్రం మీద చెక్కిన సన్నటి గీతలు చెబుతాయి. ఆదిమూలం సంసారమంతా ఆ గీతల మీద నడిచింది.

నోరు మాత్రం ఏ కొలతకూ లొంగేది కాదు. బస్టాండు వైపు వర్క్‌షాపు నడిపే వెంకటముని ఒక ఏడు కళ్లజోడు పెట్టుకున్నాడు. పాపం, కనబడక పెట్టుకున్నాడు. ఆదిమూలానికి అది పండగైపోయింది. టీ బంకు దగ్గర నిలబడి రోడ్డంతా వినబడేలా అన్నాడు.

"కండ్లజోడు పెట్టుకున్నోడు ఇంట్లో కూసోని పంచాంగం సదువుకోవల్ల గానీ, ఇనుము జోలికి రాగూడదప్పా! మేస్త్రీ అన్నోడికి కండ్లు పోతే ఇంగేముండాది?"

వెంకటముని తన పని తను చూసుకున్నాడు. అందుకని ఈయన ఆ మాటను వచ్చిన ప్రతి గిరాకీకీ వినిపించాడు. ఊరికి తెలియాల్సినంతా తెలిసింది. ఆ తర్వాత ఈయన కళ్లు మసకబారాయి.

మొదట బల్బును తిట్టాడు. ట్యూబ్‌లైటు వేయించి ఓల్టేజీని తిట్టాడు. పెళ్లిపత్రిక ఇస్తే చేయి బారెడు చాపి పట్టుకుని, ప్రెస్సువాడికి అచ్చు వేయడం రాదన్నాడు. చంద్రకాంతమ్మకు మాత్రం వేరే దారిలో తెలిసింది. కూరలో వెంట్రుక కనబడితే కంచం ఎగరగొట్టే మనిషి, కిమ్మనకుండా తిని లేస్తున్నాడట.

"వంట బాగుండాది అనుకున్యా మొదట్లో," అని నాతో చెప్పి నిట్టూర్చింది ఆమె.

కళ్లజోడు పెట్టుకుంటే తను అన్న మాటే తనకు తగులుతుంది. పెట్టుకోకపోతే గీతలు కనబడవు. గిరాకీలకు ఈ సంగతి తెలిసిన రోజు ఇనుమంతా వెంకటముని దగ్గరికి పోతుందని ఆయన భయం. ఆ మిషను తప్ప మరో బతుకు తెలియని మనిషి. ఆ భయం చూస్తే నాకు జాలేసేది, కానీ ఆయనతో జాలిగా మాట్లాడే ధైర్యం ఎవరికుంది?

రెండువేల ఆరు ఎండాకాలంలో మద్రాసు పోయి, ప్యారిస్ కార్నర్ సందుల్లోంచి చైనా స్కేలు ఒకటి పట్టుకొచ్చాడు. గీతలు చూసుకునే పని లేకుండా కొలతను అంకెల్లో చూపించే చవకరకం సరుకు. వస్తువును పట్టుకునే దాని దవడలు కోసిపారేసి, పొడుగాటి పట్టీని మిషను ఒంటికి, దాని మీద జారే ముక్కను బల్లకు బిగించాడు. బల్ల జరిగితే ముక్క జరుగుతుంది, అంకె మారుతుంది. తెలివికి వంక పెట్టడానికి లేదు. వచ్చిన చిక్కల్లా ఆ అంకెలు చీమ తలకాయంత ఉన్నాయి.

దాంతో టీవీలు బాగుచేసే ధనశేఖర్‌ని పిలిపించాడు. వాడు స్కేలులోంచి సన్న తీగలు లాగి, ఏవో చిప్పులు అతికించి, కాల్చీ పాడుచేసీ మళ్లీ అతికించీ, చివరికి బిస్కెట్ల డబ్బాలో ఎర్రటి అంకెలు వెలిగించాడు. ఒక్కో అంకె అరచేయంత. మిషను కోసం అంత పెద్దవి ఎందుకని వాడు అడిగితే, "ఫారిన్‌లో అంతా ఇట్లే పెడతారు" అన్నాడు ఆదిమూలం. ఫారిన్ అంటే ఆయన దృష్టిలో మద్రాసు పక్కన కార్ఖానాలుండే అంబత్తూరు.

ఆ అంకెలు రోడ్డుకు అవతలి పక్కకు కూడా కనబడేవి. పూలమ్మే సిద్ధమ్మ దాన్ని గడియారం అనుకుని, "మేస్త్రీ, మీ టయిము సరిగ్గా లేదు" అని రోజూ చెప్పి పోయేది. ఆయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ఆ వెలుగులో కొత్త పెళ్లికొడుకులా నిలబడేవాడు. ఉన్న మాట చెప్పుకోవాలి, ఆ నెలల్లో పని శుభ్రంగా వచ్చింది. నా అంగట్లో సన్న ఇత్తడి రేకు అమ్మకం పడిపోయింది. దాని సంగతి తర్వాత.

దసరా వచ్చింది. మా వైపు ఆయుధపూజ నాడు మిషను తిప్పరు. కడిగి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి, పూలదండ వేసి, బూడిద గుమ్మడికాయ కొడతారు. మరునాడు దశమి పూట మంచి పని ఒకటి మొదలుపెడితే ఏడాదంతా పని ఆగదని నమ్మకం. ఆదిమూలం ఆ రోజు సుత్తికి, స్పానర్లకు, చివరికి నూనెడబ్బాకు కూడా బొట్టు పెట్టాడు. మరి తన పరువు నిలబెట్టిన స్కేలును వదులుతాడా? ఇనుప రజను పడకుండా దాని మీద కప్పిన రెగ్జిన్ ముక్కను భక్తిగా ఎత్తి, పట్టీ పొడుగునా గంధం రాసి, మధ్యమధ్య కుంకుమ అద్ది, కళ్లకద్దుకుని, మళ్లీ కప్పేశాడు.

మరునాడు పొద్దున కాణిపాకం పక్క నుంచి పెంచలయ్య వచ్చాడు. చెరకు రైతు, బెల్లం వండుతాడు. గానుగ షాఫ్టును ఆటోలో వేసుకొచ్చాడు. పళ్లచక్రం జారకుండా ఉండాలంటే షాఫ్టుకు గాడి తీసి అందులో కీ అనే ఇనుప ముక్క కూర్చోబెట్టాలి. ఒక కొసన పోయిన ఏడే తీయించాడు. ఇప్పుడు రెండో కొసన కావాలి. మొదటి కొసకు గోనెపట్ట గట్టిగా చుట్టి ఉంది. దారిలో దెబ్బ తగలకుండా కాబోలనుకున్నాను.

ఆదిమూలం షాఫ్టు బిగించి, సాంబ్రాణి చూపించి, స్విచ్చి వేసి, పిడి తిప్పాడు. డబ్బాలో పన్నెండు కనబడింది. ఇంకొంచెం తిప్పాడు. ఎనభై ఏడు. వెనక్కి తిప్పాడు. అంకెలు పూనకం వచ్చినట్టు ఊగిపోయాయి. డబ్బాను చరిచాడు, తీగ లాగి పెట్టాడు, ధనశేఖర్ వంశాన్ని తలుచుకున్నాడు. బొట్టు పెట్టింది తనేనని గుర్తులేదు. రెగ్జిన్ ఎత్తి చూసినా ఆయన కళ్లకు అక్కడేమీ కనబడలేదు.

"పోనీలే మేస్త్రీ," అన్నాడు పెంచలయ్య, "మునుపటి మాదిరి పిడి కాడ గీతలు సూసి కొట్టండి. దశమి పూట ఉత్త చేతులతో పంపొద్దండి."

ఆదిమూలం పిడి మీదికి వంగాడు. వంగినవాడు లేవలేదు. టీ బంకు దగ్గరివాళ్లు కూడా వచ్చి గుమికూడారు. ఆయన మెడ మీద చెమట కారడం నాకు కనబడింది.

అప్పుడే చంద్రకాంతమ్మ పాయసం గిన్నెతో వచ్చింది. ఒక్క క్షణం చూసింది. గిన్నె కింద పెట్టి, రవికెలకు కాజాలు కుట్టుకునేటప్పుడు పెట్టుకునే తన ఎర్ర ఫ్రేము కళ్లజోడు తీసి, మొగుడి ముక్కు మీద పెట్టింది.

"సాల్లేయ్యా నీ ఏసాలు. నవ్వేవోళ్లను నవ్వనీ."

ఎవరూ నవ్వలేదు. ఆదిమూలం తల ఎత్తాడు. కళ్లజోడు తీసేస్తాడనుకున్నాను, తీయలేదు. చుట్టూ ఒకసారి కలియజూసి, స్కేలు పట్టీని చూసి ఉలిక్కిపడ్డాడు.

"దీనికి గందం ఎవుడు పూసినాడు?"

"నువ్వే," అంది చంద్రకాంతమ్మ.

ఆదిమూలం గుడ్డ తడిపి పట్టీని తుడిచాడు. గంధం పొర అడ్డు పోయాక, ఆరబెట్టి బల్ల జరిపితే అంకెలు బుద్ధిగా నిలిచాయి. కళ్లజోడులోంచి గీతలు కూడా చూసుకున్నాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. గాడి అద్దంలా వచ్చింది, కీ చేత్తో నొక్కితే దిగి కూర్చుంది. ఆ సంతోషంలో, అన్నీ చూడాలన్న ఆశతో, మొదటి కొస గోనెపట్ట కూడా విప్పబోయాడు.

"అది వద్దులే మేస్త్రీ," అన్నాడు పెంచలయ్య.

విన్నవాడైతే ఆదిమూలం ఎట్లా అవుతాడు? విప్పేశాడు. గాడి ఒక పక్కకు ఒరిగి, ఉండాల్సినదానికంటే వెడల్పుగా ఉంది. కీ కదలకుండా సందులో ఇత్తడి రేకు ముక్కలు మడిచి మడిచి కొట్టి ఉన్నాయి.

"ఏ ఎదవ సేసినాడబ్బా ఈ పని?" అని అరిచాడు. "గుడ్డోడా? కండ్లు యాడ పెట్టుకున్యాడు? వెంకటముని పనే కదా ఇది, సెప్పు!"

పెంచలయ్య తల వంచుకుని గోనెపట్ట మడత పెట్టాడు.

"మీరేనన్నా. పోయినేడు."

మిషను ఇంకా తిరుగుతూనే ఉంది. చంద్రకాంతమ్మ వెళ్లి స్విచ్చి ఆపింది.

"మళ్లా నా కాడికే ఎందుకొచ్చినావు మరి?" అన్నాడు ఆదిమూలం.

"ఇన్నేండ్లు మంచిగానే సేసినారు కదన్నా. కండ్లు ఆనడం లేదని మాకు తెల్సు. సెప్తే బాధ పడతారని, అందరం రేకు కొట్టుకుంటా ఉండాము."

అందరం అన్న మాట ఆయనకు తగిలింది. వంగి, సందులోంచి ఒక రేకు ముక్క పెరికి, వెలుతురుకు పట్టి చూశాడు.

"యాడ కొన్నావు ఇది?"

పెంచలయ్య చూపు నా అంగడి వైపు పోయింది. గుమికూడిన వాళ్లలో ఇంకో ఇద్దరు ముగ్గురి చూపులు కూడా పోయాయి. ఆదిమూలం నా వైపు తిరిగాడు. ఆ ఎర్ర ఫ్రేము వెనక ఆయన కళ్లు ఇంతింతయి కనబడ్డాయి. మా మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడే అని నేను మొదట్లోనే చెప్పాను. రేకు బేరాలన్నీ ఆయన చెవిన పడ్డవే, అవి దేనికో ఇప్పుడు తెలిసింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన తిట్టలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆదిమూలం ఆ పాత గాడిని కూడా ఆ రోజే సరిచేసి పెంచలయ్యను పంపాడు. సాయంత్రం, ముక్కు మీద కళ్లజోడుతోనే నా అంగడికి వచ్చాడు.

"ఇంగ నా పనికి రేకు అడిగినోళ్లకు అమ్మొద్దప్పా. నా కాడికి పంపు," అన్నాడు.

పంపుతున్నాను. ఒక్కొక్కరే పాత ఇనుము మోసుకొస్తున్నారు, ఆయన ఒక్కొక్కటే సరిచేస్తున్నాడు. ఎర్ర అంకెలు ఇంకా వెలుగుతున్నాయి, సిద్ధమ్మ ఇంకా టైము తప్పంటోంది. ఇత్తడి రేకు చుట్ట మాత్రం నా అంగట్లో మేకుకు వేలాడుతూ నల్లబడుతోంది.