సంగటి పెట్టే రాక్షసుడు

బంగారుపాళ్యంలో జిరాక్స్ అంగడి నడిపే మునిశేఖర్‌కు పెన్ను మూత కొరకనిదే రాక్షసుడు పుట్టడు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, బెంగళూరు నుంచి తెచ్చుకున్న పుస్తకం చూసి, పాచికలతో కథల ఆట ఆడిస్తాడు. ఆ ఆటలో స్నేహితులు నలుగురూ వీరులు; వారానికో రాక్షసుణ్ని కల్పించి, వాడి తరఫున మాట్లాడేదీ ఆడేదీ అతను. మూడు వారాలుగా అతని రాక్షసులు టీ వచ్చేలోపే చచ్చిపోతున్నారు. "ఈసారీ ఇంతేనైతే మేము క్రికెట్‌కు పోతామప్పా," అని వాళ్లలో ఫైజల్ తేల్చేశాడు. అందుకే మునిశేఖర్ కాగితం మీద రాసుకున్న కొమ్ములూ కోరలూ కొట్టేసి, తన పెదనాయనను తలుచుకున్నాడు. ఆయన ఏటా పక్కవాళ్ల చేను గట్టును జానెడు జరుపుతాడు, మర్నాడే నవ్వుతూ వాళ్లింటికి బుట్టెడు మామిడిపండ్లు పంపుతాడు. ఆ నవ్వే తెచ్చి కొత్త రాక్షసుడు క్రూరకేతుడికి పెట్టాడు.

ఆదివారం ఆటలో వీరులు కత్తులు దూసి క్రూరకేతుడి కోటలోకి దూకారు. మునిశేఖర్ లుంగీ సర్దుకుని, గొంతు మెత్తన చేశాడు. "ఎండన పడి వచ్చినారు. నన్ను సంపేది యాడికి పోతాదప్పా, ముందు కాళ్లు కడుక్కోండి. సంగటీ నాటుకోడి పులుసూ ఉండాది."

"ఊర్లు తగలబెట్టినోడురా వీడు," అన్నాడు ధరణి.

"ఔ గానీ, పిలిచి పెడతా ఉంటే వద్దనేదెట్లబ్బా?" అన్నాడు ఫైజల్.

ఆటలోనే తిన్నారు. తిన్నాక రాక్షసుడి మీద దాడికి పాచిక వేయడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. సాయంత్రానికి నలుగురూ క్రూరకేతుడి సేనాపతులైపోయి, వచ్చే ఆదివారం తగలబెట్టాల్సిన ఊర్ల జాబితా కూడా రాసిచ్చి వెళ్లారు. క్రికెట్ బెడద తప్పింది. ఇప్పుడు వాళ్లను ఎదిరించడానికి ఒక మంచివాడు కావాలి. మునిశేఖర్ సోమవారం నుంచి బంధువులను ఒక్కొక్కరినీ తలుచుకుంటూ మేనమామల దాకా వచ్చాడు. ఇంకా ఎవరూ తగల్లేదు.