సమ్మె నాడు వార్డులో ఎవరుంటారు

మా పాత హెడ్ నర్సు పోయారన్న కబురు పోయిన మంగళవారం ఉదయం, నేను డ్యూటీలో ఉండగా తెలిసింది. కళింగపట్నం నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. టీ తాగి గడప మీద కూర్చున్నారట, అలాగే పక్కకి ఒరిగిపోయారట. నేను వెంటనే బయల్దేరలేకపోయాను. నా బదులు ఇంకొకరు వచ్చి, మంచం మంచానికీ తిరిగి అప్పజెప్పించుకునేదాకా వార్డు వదలడానికి లేదు. ఆ రెండు గంటలూ మందులిస్తూనే ఉన్నాను. ఎవరికేం ఇచ్చానో రాసి, రాసింది నమ్మలేక మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను. అలా రెండోసారి చూసుకోవడం ఆవిడ నేర్పిందే.

ఆసుపత్రిలో అందరికీ ఆవిడ అక్కే. చేపల వేటకెళ్ళే ఇంటి పిల్ల, ఆ ఇంట్లో మొదటి ప్రభుత్వోద్యోగి. కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. టీ కూడా నిలబడే తాగేవారు, అదీ సగం. మాట్లాడుతూ ఏదో ఒకటి సర్దుతుండేవారు. పైవాళ్ళు సరేనన్నారని ఎవరైనా సిస్టర్ వచ్చి చెబితే, "నోటితో సెప్పింది సాలదు, రాయించు" అనేవారు.

నేను చీపురుపల్లి నుంచి వెళ్ళి కాంట్రాక్టు నర్సుగా చేరిన కొత్తలో ఆడవాళ్ళ మెడికల్ వార్డులో షిఫ్టుకి ఒక్కరమే ఉండేవాళ్ళం. మంచాలు నిండి, కింద చాపల మీద కూడా రోగులు ఉండేవారు. ఇంకో నర్సుని వెయ్యమని సంఘం తరఫున అక్క ఎన్ని అర్జీలిచ్చారో లెక్క లేదు. మా హక్కులేమిటో నాకు మొదట చెప్పిందీ ఆవిడే. సంఘం పెట్టుకోవచ్చు, చందా కట్టొచ్చు, అర్జీ ఇవ్వొచ్చు. పని మానితే మాత్రం సర్వీసు రూల్సు ప్రకారం తప్పు. నాలాంటి కాంట్రాక్టువాళ్ళనైతే మర్నాడే తీసేయొచ్చు.

మాతో పనిచేసి ఐర్లండ్ వెళ్ళిన ఒకమ్మాయి ఆ రోజుల్లో అక్కకి వాయిస్ మెసేజీలు పంపేది. అక్కడి ప్రభుత్వాసుపత్రి నర్సులు సమ్మె చేశారని, తనూ నినాదం రాసిన అట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డానని చెప్పింది. మేం ఆశ్చర్యపోయాం. అక్క మాత్రం ప్రశ్న మీద ప్రశ్న వేశారు. ఎన్ని రోజుల ముందు నోటీసిచ్చారు? లోపల ఎవరిని ఉంచారు? ఆ పేర్లు ఎవరు రాశారు? సంఘమూ ఆసుపత్రివాళ్ళూ కలిసి కూర్చుని, ఏ వార్డులో ఎంతమంది ఉండాలో ఒప్పుకున్నాకే బయటికొచ్చామని ఆ అమ్మాయి జవాబిచ్చింది. ఆ మెసేజీని అక్క మాకు మూడుసార్లు వినిపించారు.

"ఇద్దరూ కలిసి కూకున్నారట. ఇన్నావా సెల్లీ? అసలు సంగతి అదే."

అప్పటినుంచి దేశదేశాల కబుర్లు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. జపాన్‌లో ప్రభుత్వోద్యోగులకి సమ్మె హక్కే లేదని, ఫ్రాన్సులో ఆసుపత్రివాళ్ళు సమ్మె చెయ్యొచ్చు గానీ అత్యవసర పనికి కొందరు ఉండి తీరాలని, జర్మనీలో ఒకే బడిలో ఒప్పందం మీద పనిచేసే టీచరు సమ్మె చెయ్యొచ్చు, పక్క గదిలో పర్మనెంటు ప్రభుత్వ టీచరు చెయ్యకూడదని డ్రెస్సింగ్ ట్రేలు సర్దుతూ మాకు చెప్పేవారు.

అర్జీలన్నీ అయిపోయి చివరికి మేమూ సమ్మె నోటీసిచ్చాం. సమ్మె రోజుల్లో లోపల ఉండేవాళ్ళ జాబితా పట్టుకుని అక్క పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. క్యాజువాలిటీ, ప్రసూతి, పసిపిల్లల వార్డుల్లో అందరూ ఉంటారని, మిగతావాటికి ఎవరు కావాలో మీరూ చూసి సంతకం పెట్టండని అడిగారు. ఆయన కాగితం ముట్టుకోలేదు. సంతకం పెడితే సమ్మెని ఒప్పుకున్నట్టవుతుందన్నారు. బయటికొచ్చి అక్క ఒక్కరే ఆ జాబితా పూర్తి చేశారు. నేను సమ్మె టెంటులో కనిపిస్తే ఉద్యోగం పోతుందని, ఆడవాళ్ళ వార్డుకి నా పేరు రాశారు.

సమ్మె రెండోరోజు మధ్యాహ్నం, నేను వార్డు ఈ చివర ఒకామెకి సెలైన్ ఎక్కిస్తున్నాను. ఆ చివర ఆయాసంతో చేరిన ముసలమ్మ ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది. మనవరాలు నన్ను పిలుస్తూ పరుగెత్తుకొచ్చింది. నేను వెళ్ళేసరికే ఆమె కళ్ళు తేలేసింది. టెంటు నుంచి అక్క, క్యాజువాలిటీ నుంచి డాక్టరు వచ్చి చాలాసేపు ప్రయత్నించారు. ఆమె దక్కలేదు.

ఎలాగూ దక్కని మనిషేనని డాక్టరే అన్నారు. మామూలు రోజుల్లో కూడా ఆ వార్డులో ఒక్క నర్సే కదా, అందుకే కదా సమ్మె అని టెంటులో వాళ్ళన్నారు. అక్క గోడకి ఆనుకుని నిలబడి విన్నారు.

"నిజమే. గానీ ఆ నిజం ఆ ముసలమ్మకి ఏటి పనికొస్తాది?"

విచారణలో ఆ గంటలో వార్డు ఎవరిదని అడిగారు. నేను నోరు విప్పేలోపే ఆవిడ లేచారు.

"ఆ పిల్లని నానే ఏసినాను. జాబితా రాసింది నాను. నా పేరు రాసుకోండి."

నాలుగోరోజుకి సమ్మె ఆగింది. మా వార్డుకి షిఫ్టుకి ఇద్దరు నర్సులొచ్చారు. నా ఉద్యోగం నిలిచింది. అక్కకి ఛార్జిమెమో ఇచ్చి, ఏజెన్సీలో కొండల మధ్య చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. ప్రమోషన్ రాకుండానే అక్కడే రిటైరయ్యారు. ఆ రోజు నేను నోరు విప్పి ఉండాల్సింది. ఆవిడ లేచాక కూడా లేచి ఉండొచ్చు. లేవలేదు.

ఆవిడ రిటైరయ్యాక నేను కళింగపట్నం వెళ్ళి ఆ మాటే చెప్పాను. అక్క వినిపించుకోలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తూ, అవతల దేశాల్లో జాబితాలో మనుషులు చాలని వార్డులో ఎవరైనా పోతే ఎవరు జవాబు చెబుతారో ఐర్లండ్ వెళ్ళిన అమ్మాయిని అడిగావా అన్నారు. అడగలేదన్నాను. "అడుగు. నానూ అడిగినాను, సరిగ్గా సెప్పలేదు" అన్నారు. సమ్మె చెయ్యడం తప్పని మాత్రం ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. "కలిసి కూకోడానికి ఆల్లు రాలేదు. అయినా నాను ఇంకో పేరు రాయాల్సింది" అని, ఆరేసిన చీరే మళ్ళీ తీసి దులిపారు.

రేపు సోమవారం మేం మళ్ళీ నోటీసిస్తున్నాం. సంఘం తరఫున ఈసారి జాబితా రాయాల్సింది నేను. మూడు రోజులుగా కాగితం మీద ఆడవాళ్ళ వార్డు అన్నదాని ఎదురుగా ఇద్దరి పేర్లు రాస్తున్నాను, మూడోది చేరుస్తున్నాను, టెంటులో ఎవరూ మిగలరని కొట్టేస్తున్నాను. పై అధికారి కూర్చుని మాట్లాడతారో లేదో తెలియదు. రాయించుకుని రావాలి, నోటితో చెప్పింది చాలదు.

ఆ మంగళవారం నర్సులం కొందరం వెళ్ళేసరికి అక్కని శ్మశానానికి తీసుకెళ్ళే వేళయింది. అంతా అయ్యాక సముద్రం ఒడ్డు వెంబడి బస్సు దగ్గరికి నడిచాం. తెల్లవారుజామున వేటకెళ్ళిన పడవలు వచ్చేశాయి, ఒక్కటి తప్ప. చేపలు దించుకున్న ఆడవాళ్ళు కూడా ఇళ్ళకి పోలేదు. గంపలు ఇసుకలో పెట్టి, కొంగులు తల మీదికి లాక్కుని, నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డారు. మా బస్సు కదిలే వేళకి కూడా వాళ్ళలో ఒక్కరూ కదల్లేదు.